లేసు కొట్టు సైటుకి ముహూర్తం

ప్రసన్నకుమారి కుడిచేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి గానీ, అందులో బొటనవేలూ దాని పక్కవి రెండూ ఉండీ లేనట్టే. సూది గుచ్చుకున్నా తెలవదు, టీ గ్లాసు కాలినా తెలవదు. ఆరో తరగతిలో బడి మానేసినప్పట్నుంచీ లేసు సూది పట్టుకుని పట్టుకుని అలా అయిపోయాయి. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందమ్మా అన్నాడు భీమవరం డాక్టరు. ఆపరేషన్ చేయించుకోమన్నాడు. చేయించుకున్నా వేళ్ళకి మళ్ళీ స్పర్శ వస్తుందని మాటివ్వలేనన్నాడు. కుమారి సరేనండి అని లేచి వచ్చేసింది. ఏడవలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుని, దారి పొడుగునా చేపల చెరువులు చూసుకుంటూ నరసాపురం వచ్చి దిగింది.

చర్చి వెనకాల పేట వాళ్ళది. ఆ పేటలో ఆడోళ్ళకి లేసే పని. గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, ఒక చూపు పొయ్యి మీద, ఒక చూపు సూది మీద. దారంతో ఒక్కో పువ్వూ అల్లి, పువ్వుకి పువ్వు అతికి, టేబుల్ క్లాతు చేసి గున్నేశ్వరరావు గారి కొట్లో ఇస్తారు. అక్కడ ఉతికి, ఇస్త్రీ చేసి, ఎక్కడెక్కడికో పంపుతారు. కుమారి పని నీటుగా ఉంటుందని పేరు. అలాంటిది ఓ రోజు ఆవిడ అల్లినవన్నీ వదులు వదులుగా వచ్చాయి. దారం బిగువు వేలికి తెలిస్తే కదా.

గున్నేశ్వరరావు గారు బల్ల మీద ఒక్కో పువ్వూ లాగి చూసి, కళ్ళజోడు మీంచి చూశారు.

"ఏంటి కుమారీ ఇది? నీ పనేనా?"

"నా పనేనండి."

"కోడలి చేత అల్లించావేమో అనుకున్నా."

"నాకు కోడలెక్కడిదండి."

అప్పుడు చెయ్యి చూపించింది. ఆయన పెనుగొండ నుంచి వచ్చి కొట్టు పెట్టిన షావుకారు, వ్యాపారంలో గట్టి మనిషే. కానీ ఇన్నేళ్ళ మనిషిని ఉత్త చేతుల్తో పంపడానికి మనసొప్పలేదో, మరి ఆ టైముకి అవసరమే పడిందో, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆయన భార్య రమాదేవి గారి మేనల్లుడు నిరంజన్ ఆ కొట్టుకి సైటు తయారు చేశాడు. సరుకు ఫొటో చూసి ఎక్కడివాళ్ళైనా ఆర్డరు పెట్టుకోవచ్చు. నిరంజన్‌కి బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, ఫొటోలు ఎక్కించడం, పేర్లు రాయడం, వచ్చిన ఆర్డరు చూసి లోపల ప్యాకింగుకి చెప్పడం కుమారికి నేర్పించి వెళ్ళాడు. ఇంగ్లీషు అక్షరాలు పార్సిళ్ళ మీద చూసి చూసి వచ్చినవే. మౌసు నొక్కితే వేలికి తెలవదు కాబట్టి టక్కుమన్న చప్పుడు విని నొక్కడం అలవాటు చేసుకుంది.

ఆ కుర్చీయే ఆవిడకి ఆధారం. మొగుడు ఏసుపాదం రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు, ఇప్పుడు చేపల చెరువు మీద కాపలా. ఆ పని కొన్నాళ్ళు ఉంటుంది, కొన్నాళ్ళు ఉండదు. కుమారి ఆ చేత్తో నాట్లకి వెళ్ళలేదు, షెడ్లలో రొయ్యలు ఒలవలేదు. కుర్చీ పోతే ఇంట్లో కూర్చోవడమే. ఈ సంగతి ఆవిడకి బాగా తెలుసు. తెలుసు గానీ, దాన్ని తల్చుకుంటే గుండె దడదడలాడడం, నిద్ర పట్టకపోవడం, అవేమీ లేవు. చేతికి వచ్చిన జబ్బు ఎక్కడో లోపలికి కూడా పాకినట్టుండేది. మంచీ చెడూ రెండూ దూరంగా, వేరే ఎవరికో జరుగుతున్నట్టు కనపడేవి.

ఇలా ఉండగా సైటులో ఎర్ర గుర్తులు మొదలయ్యాయి. లోపలికి వెళ్ళినప్పుడల్లా పక్కన ఎర్ర సున్నాలో ఓ నెంబరు, వారం వారం పెరుగుతూ ఉంటుంది. ఆవిడ పట్టించుకోలేదు. చివరికి సైటుకి చోటు అద్దెకిచ్చిన కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. నిరంజన్‌కి ఫోన్ చేసి అక్షరం అక్షరం చదివింది.

"ఆంటీ, మన సాఫ్ట్‌వేరు పాతదైపోయింది. ఈ నెలాఖరు దాటితే వాళ్ళ దగ్గర నడవదంట. దొంగలు దూరడానికి కూడా అలాంటివే వీలు. అప్‌డేట్ చేసెయ్యాలి. థీమ్ కూడా మార్చాలి, అది తయారు చేసినవాళ్ళు ఎప్పుడో వదిలేశారు."

"థీమ్ అంటే ఏంటి బాబూ?"

"సైటు కట్టుకున్న చీర అనుకోండి. లోపల మనిషి అదే, పైన చీర మారుతుంది. ప్లగిన్లంటే తర్వాత తెచ్చి తగిలించినవి. ఆర్డరు బుట్ట ఒకటి, ఫొటోలు తిప్పేది ఒకటి, అలాగ."

"నేను చెయ్యగలనా?"

"చెయ్యొచ్చు. మూడే ముక్కలు గుర్తుపెట్టుకోండి. ముందు బ్యాకప్. అంటే సైటు మొత్తానికి కాపీ తీసి పక్కన దాచుకోవాలి. ఆ కాపీతో ఎవరికీ కనపడని ట్రయల్ సైటొకటి నేను తెరిచిపెడతాను, మార్పులన్నీ ముందు దాని మీద చేసి చూసుకోవాలి. అక్కడ బాగుంటేనే అసలుదాని మీద. అదీ అన్నీ కట్టగట్టి నొక్కకూడదు. ఒక్కోటి నొక్కడం, సైటు తెరిచి చూసుకోవడం, ఇంకోటి నొక్కడం. థీమ్ ఆఖర్న. అన్నిటికన్నా ముఖ్యం గాబరా పడకూడదు."

"గాబరా నాకు రాదులే బాబూ," అంది కుమారి. నిజమే చెప్పింది.

షావుకారు గారికి చెబితే, ఆయన వెంటనే జేబులోంచి ఫోన్ తీశారు. నిరంజన్‌కి కాదు, పంతులుగారికి. ఆ కొట్లో అలమర పక్కకి జరపాలన్నా పంతులుగారు చెప్పాల్సిందే. మరి కొట్టు మొహమే మారుస్తుంటే ఊరుకుంటారా. బుధవారం పొద్దున్న బాగుంది, పదకొండుకి వర్జ్యం వచ్చేస్తుంది, ఈలోగా కానిచ్చెయ్యమన్నారు పంతులుగారు. కొత్త థీము రమాదేవి గారే ఎంచారు. పసుపు రంగు మీద బంగారపు గీతలు, పెళ్ళి శుభలేఖలాగ ఉంది.

మంగళవారం సాయంత్రం కుమారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అయ్యగారూ, కాపీ ఇవాళే తీసి పెట్టేసుకుంటానండి. ట్రయల్ కూడా ఇవాళ చూసేసుకుంటే..."

"ఇవాళేం వారం?"

"మంగళవారమండి."

"మంగళవారం మొదలెడతామా ఎక్కడైనా? ముహూర్తం రేపటికి పెట్టుకుని ఇవాళ చెయ్యి పెడితే, ఇంక ముహూర్తం దేనికి?"

"ఇది మొదలెట్టడం కాదండి. ఉన్నదానికి కాపీ తియ్యడమే."

"దానికోసమే కదా తీస్తున్నావు? అంటే మొదలెట్టినట్టే. రేపు పొద్దున్న పూజయ్యాక కాపీతో సహా అన్నీ వరసగా చేసుకో. రెండు గంటల టైముంది."

ఆవిడ ఇంకో మాట అనలేదు. ఎందుకనలేదంటే, లేసు చేసినవాళ్ళకి ఓ అలవాటు ఉంటుంది. అల్లికలో తప్పు పోతే ఎవరూ కంగారు పడరు. దారం పట్టుకుని లాగితే వచ్చినదారినే ఊడొస్తుంది. తప్పు దొర్లిన చోటిదాకా ఊడదీసి, అక్కడ్నుంచి మళ్ళీ అల్లుకుంటారు. ఎంత పెద్ద క్లాతైనా అంతే. నిరంజన్ ఎన్ని చెప్పినా కుమారి బుర్రలో ఆ లెక్కే ఉండిపోయింది. పోతే ఊడదీసుకోవచ్చు కదా అనుకుంది.

బుధవారం పొద్దున్న వచ్చేసరికి కంప్యూటర్‌కి నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ. మౌసు తీగకి బంతిపూల దండ చుట్టారు. ముందు అరటిపళ్ళు, అగరొత్తులు, కొబ్బరికాయ. ప్యాకింగులో పనిచేసే వెంకటదుర్గ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

"ఏమే కుమారీ, పెళ్ళికొడుకు బాగానే ఉన్నాడు, పెళ్ళికూతురేది?"

"ఊరుకోవే."

"అక్షింతలు ఎక్కడ వెయ్యాలో అది చెప్పు. ఆ బొత్తాల సందుల్లో పడితే మళ్ళీ ఏరుకోవాల్సింది నువ్వే."

"దుర్గా! లోపల పార్సిళ్ళు కట్టడం అయిందా?" అన్నారు రమాదేవి గారు.

"ఆయ్, అయిపోయాయండి. దీవించి వెళ్దామని వచ్చానండి."

షావుకారు గారు కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు టేబులు మీద చిందితే కుమారి పైటచెంగుతో తుడిచి, కుర్చీలో కూర్చుని, బ్యాకప్ అన్న చోట నొక్కింది. గీత ఒకటి వచ్చి నెమ్మదిగా నిండడం మొదలెట్టింది. ఎన్నో ఏళ్ళ ఫొటోలు మరి, ఒక్కోటీ లోపలికి వెళ్ళాలి. గీత పావువంతు నిండిందో లేదో, కరెంటు పోయింది.

కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడుస్తోంది. నెట్ డబ్బా మాత్రం ఇన్వర్టర్ లైనులో లేదు. దాన్ని ఎప్పుడో గోడకి వేరే ప్లగ్గులో పెట్టేశారు. గీత ఉన్నచోటే ఆగిపోయింది. షావుకారు గారు కరెంటాఫీసుకి ఫోన్ చేశారు. రోడ్డు పక్క చెట్లకొమ్మలు కొడుతున్నారంట, కాసేపట్లో ఇస్తామన్నారు. ఆ కాసేపు గంట దాటింది. కరెంటు వచ్చి, నెట్ డబ్బా దీపాలు ఒక్కోటీ వెలిగి, కుమారి మళ్ళీ చూసేసరికి బ్యాకప్ పోయింది. మళ్ళీ మొదట్నుంచి నొక్కింది.

షావుకారు గారు కుర్చీ వెనకాల నిలబడి గోడ గడియారం, గీత, గోడ గడియారం, గీత చూస్తున్నారు.

"ఇంకెంత?"

"సగం కూడా అవలేదండి."

"వర్జ్యం వచ్చేస్తోంది."

"అయ్యాక ట్రయల్‌ది ఒకటి చూడాలండి."

"ట్రయలా? ఇప్పుడా? కుమారీ, ముహూర్తం దాటిపోతే మళ్ళీ ఈ నెలలో మంచిరోజు ఉందో లేదో. వాళ్ళు నెలాఖరని కూర్చున్నారు. కాపీ మొదలైంది కదా, దాని పాటికి అది అవుతూ ఉంటుంది. నువ్వు అసలుది నొక్కు."

కుమారి ఆయన మొహం చూసింది. రమాదేవి గారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. కర్పూరం ఆరిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వద్దండి అనాలి. ఆ మాట ఆవిడకి తెలుసు. భయం వేస్తే నోట్లోంచి వచ్చేసేదే. ఆ భయం కోసం చూసింది, రాలేదు. అంతా గాజుగోడ అవతల జరుగుతున్నట్టుంది. అవతల ఎవరో నొక్కమంటున్నారు, ఇవతల ఎవరో నొక్కాలి.

ఒక్కోటీ నొక్కే టైము లేదు. అన్నిటికీ టిక్కులు పెట్టి, కట్టగట్టి నొక్కింది. టక్కుమంది. తర్వాత కొత్త థీము నొక్కింది. టక్కుమంది. రమాదేవి గారు హారతిచ్చారు. షావుకారు గారు కళ్ళు మూసుకుని వాసవీ మాతని తలుచుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి కంప్యూటర్ నిండా తెలుపు. పసుపూ లేదు, బంగారపు గీతలూ లేవు. తెల్ల కాగితంలాంటి పేజీ, పైన ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం.

"ఏంటది? ఏమని రాశాడు?" అన్నారు షావుకారు గారు.

"ఏదో పెద్ద తప్పు జరిగిందంటున్నాడండి."

గుమ్మం దగ్గర దుర్గ నెమ్మదిగా లోపలికి జారుకుంది. కుమారి లోపలి పేజీ తెరవబోయింది, అదీ తెలుపే. ఫోన్లో తెరిచింది, అక్కడా అంతే. నిరంజన్‌కి చేసింది.

"బ్యాకప్ తీశారా ఆంటీ?"

"సగం."

"సగమా? సగం బ్యాకప్ అంటే లేనట్టే. ట్రయల్ మీద చూశారా?"

"లేదు బాబూ."

అతను మెల్లగా, "అన్నీ ఒకేసారి నొక్కారు కదూ," అన్నాడు.

"నొక్కాను. ఇప్పుడు ఊడదియ్యడానికి వీల్లేదా? వచ్చినదారినే?"

"ఇది లేసు కాదాంటీ. కొత్తది వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది, కింద పాతది ఉండదు. కాపీ ఉంటేనే వెనక్కి వెళ్ళడం."

అప్పుడు అర్థమైంది ఆవిడకి. అర్థమైంది గానీ, ఒంట్లో ఎక్కడా ఏమీ కదల్లేదు. షావుకారు గారు ఫోన్ లాక్కున్నారు.

"ఒరేయ్ నిరంజన్, పొద్దున్న చెన్నైలో సరుకు కొనేవాళ్ళకి సైటు చూసుకోండని చెప్పానురా! తెల్ల కాగితం చూపించనా వాళ్ళకి?"

"మావయ్యా, కంగారు పడకండి. చోటు ఇచ్చిన కంపెనీ వాళ్ళు వారానికోసారి వాళ్ళంతట వాళ్ళు ఒక కాపీ తీసి పెట్టుకుంటారు. ఆదివారంది ఉండాలి. నేను రాసి అడుగుతాను. మన అదృష్టం బాగుంటే సాయంత్రానికి పాత సైటు వచ్చేస్తుంది. ఆదివారం తర్వాత పెట్టినవి మాత్రం పోతాయి."

ఆదివారం తర్వాత పెట్టినవి కుమారి తీసిన ఫొటోలే. సోమవారం, మంగళవారం కూర్చుని ఎక్కించింది. ఆ క్లాతులు అప్పుడే పార్సిలైపోయాయి కూడా, మళ్ళీ తీద్దామన్నా సరుకు లేదు.

రోజంతా సైటు తెల్లగానే ఉంది. ఫోన్లు వస్తున్నాయి. కొట్టు మూసేశారా అని ఒకరు, డబ్బు కట్టాను నా సరుకేదని ఒకరు. కుమారి అందరికీ ఒకటే మాట చెప్పింది, సాయంత్రానికి వచ్చేస్తుందండి. మధ్యాహ్నం క్యారేజీ విప్పి అన్నం తింది. కూరలో ఉప్పెక్కువైంది, తెలిసింది, అలాగే తినేసింది. దుర్గ పక్కన కూర్చుని ఆవకాయ ముక్క వేసింది.

"నిన్ను తిట్టారా?"

"ఇంకా లేదు."

"ఇంకా తిట్టలేదంటే ఇంకేదో ఆలోచిస్తున్నారన్నమాట. తిట్టేసినా బాగుండును."

దుర్గ అన్నదే అయింది. దీపాలు పెట్టే వేళకి పాత సైటు తిరిగి వచ్చింది, అదే పాత థీము, అవే ఎర్ర గుర్తులు. అది చూశాక షావుకారు గారు కుమారిని పిలిచారు. గొంతు పెంచలేదు.

"దిష్టి తగిలిందంటోంది మీ అమ్మగారు. ఏదైతేనేం. పంతులుగారిని అడిగాను, శుక్రవారం పొద్దున్న మళ్ళీ బాగుందంట. రాజమండ్రిలో ఇలాంటివి చేసేవాళ్ళున్నారు, శుక్రవారం ఒకతన్ని పంపుతారంట. ఇకనుంచి సైటంతా వాళ్ళే చూసుకుంటారు. నువ్వు రేపట్నుంచి ప్యాకింగులోకి వెళ్ళు, దుర్గతో పాటు."

"అలాగేనండి," అని ఇంటికి వచ్చేసింది.

ఏసుపాదం అరుగు మీద నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకున్నాడు. ఆవిడ జరిగిందంతా పొయ్యి ముట్టిస్తూ చెప్పింది. ఎవరి ఇంట్లోనో జరిగింది చెప్పినట్టే చెప్పింది.

"ప్యాకింగంటే అట్టపెట్టెలు కొయ్యాలి కదే."

"ఆఁ."

"బ్లేడుతో."

"ఆఁ."

"నీ వేలు తెగితే?"

"తెలవదు."

"తెల్ల లేసు మీద రక్తం పడ్డాక తెలుస్తుంది అందరికీ. అప్పుడు ఆ పనిలోంచీ తీసేస్తారు. ఈ మాట ఆయనతో చెప్పావా?"

"లేదు."

"మొదట్లో నొక్కమన్నప్పుడు వద్దన్నావా?"

"లేదు."

ఏసుపాదం మోచేతి మీద కాస్త లేచాడు. "నీకు చెయ్యే మొద్దుబారిందా, నోరు కూడానా?"

ఆవిడ గరిటె పెట్టి అన్నం మెతుకు పట్టి చూసింది, ఎడమచేత్తో. మొగుడు ఎటకారంగా అన్నాడని కోపం రావాలి. రాలేదు. కానీ ఆ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది, పంటి సందులో ఇరుక్కున్న పీచులాగ.

గురువారం పొద్దున్న కుమారి ప్యాకింగులోకి వెళ్ళలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. షావుకారు గారు అగరొత్తులు వెలిగిస్తున్నారు. రమాదేవి గారు పువ్వులు మార్చి దణ్ణం పెట్టుకుంటున్నారు.

"ఏంటి కుమారీ?"

"ప్యాకింగు చెయ్యలేనండి. బ్లేడు వేలికి తగిలినా నాకు తెలవదండి. సరుకు పాడవుద్ది."

"మరి ఏం చేద్దామంటావు?"

"సైటు నేనే చేస్తానండి. శుక్రవారం ముహూర్తానికే నొక్కుతాను. కాపీ మాత్రం ఇవాళే తీస్తాను. ట్రయల్ కూడా ఇవాళే. కాపీ పూర్తవకుండా నొక్కమంటే ఈసారి నొక్కనండి."

గొంతులో బతిమాలడం లేదు, ఎదిరించడం లేదు. నీళ్ళు రాలేదండి అన్నట్టు చెప్పింది. షావుకారు గారు అగ్గిపుల్ల చివరిదాకా కాలి వేలికి తగిలితే విదిలించారు.

"మళ్ళీ అదే మాట! ముహూర్తానికి ముందే మొదలెట్టడమేంటి? నిన్న దిష్టి తగిలిందంటే తగలదా మరి?"

"నిన్న కాపీ లేదండి. అంతే."

రమాదేవి గారు వెనక్కి తిరిగారు. "మనమ్మాయి పెళ్ళికి ముహూర్తం ఎన్నింటికండీ?"

"ఇప్పుడదెందుకు?"

"తెల్లవారుజామునే కదా. మరి లడ్డూలు ఎప్పుడు చుట్టించాం? అంతకు నాలుగు రోజుల ముందు. పందిరెప్పుడు వేశారు? పెళ్ళికూతురి చీర ముందురోజే కట్టి చూసి, జాకెట్టు బిగువైందని మళ్ళీ కుట్టించలేదూ? ముహూర్తానికి తాళి కడతారు గానీ, బియ్యం అప్పుడు ఎసట్లో పొయ్యరు కదండీ."

"వంటలూ ఇదీ ఒకటేనా?"

"నాకేం తెలుసు. దాన్ని అడగండి."

షావుకారు గారు కుమారి వైపు చూశారు. "ఆ ట్రయల్ సైటు మనదేనా? మన పేరు మీద ఉంటుందా?"

"ఎవరికీ కనపడదండి. మన పేరుతో తెరిస్తే రాదు."

"అయితే అది వేరే. వేరేదాని మీద ఏం చేసుకున్నా మనకి సంబంధం లేదు." ఆయన ఇంకో అగ్గిపుల్ల గీశారు. "రాజమండ్రి అతన్ని రమ్మని చెప్పేశాను. రేపు అతను కూడా వస్తాడు. నీ వల్ల కాలేదంటే అతను కూర్చుంటాడు. ఆ తర్వాత నీ సంగతి నేనేం చెయ్యలేను."

"అలాగేనండి."

కుమారి చేసిన మొదటి పని నెట్ డబ్బాని ఇన్వర్టర్ ప్లగ్గులోకి మార్చడం. వైరు పొట్టిదైతే దుర్గ ఎక్కడ్నుంచో పొడుగుది తెచ్చింది. తర్వాత బ్యాకప్ నొక్కింది. గీత నిండేదాకా వేరే దేని మీదా చెయ్యి వెయ్యలేదు. నిండింది. నిరంజన్ చెప్పినట్టు ఆ కాపీని కంప్యూటర్‌లోకి దింపింది, మళ్ళీ దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. సైటు పాడైతే సైటులోనే దాచిన కాపీ కూడా పోతుందన్నాడు మరి. దింపినది నిజంగా పనికొస్తుందా లేదా అని, ఆవిడ పంపితే దాన్నే బెంగుళూరులో కూర్చుని ట్రయల్ సైటు మీద పోశాడు నిరంజన్. అచ్చం పాత సైటులాగే తెరుచుకుంది. అంటే కాపీ మంచిదే.

అక్కడ్నుంచి ఒక్కోటి. మొదట సాఫ్ట్‌వేరు. నొక్కింది, టక్కుమంది, సైటు తెరిచింది, ఉంది. తర్వాత ప్లగిన్లు. ఫొటోలు తిప్పేది నొక్కింది, తెరిచింది, తిరుగుతున్నాయి. ఆర్డరు బుట్టది నొక్కింది, తెరిచింది, ఉంది. పని చెయ్యకుండా పడి ఉన్నవి రెండుంటే నిరంజన్ తీసెయ్యమన్నాడు, తీసేసింది. ఆఖర్న థీము. పసుపు వచ్చింది, బంగారపు గీతలు వచ్చాయి. రమాదేవి గారు వెనకనుంచి చూసి, "అబ్బ, ఎంత బాగుందో," అన్నారు. కుమారి ఓ టేబుల్ క్లాతు పేజీ తెరిచింది. క్లాతు ఉంది, పేరు ఉంది. ఆర్డరు పెట్టే బొత్తం లేదు.

"బాబూ, బొత్తం పోయింది."

"థీము మార్చినప్పుడు అలా జరుగుతుందాంటీ. అందుకే ట్రయల్. మీరు కూర్చోండి, లంచ్ టైములో చూస్తాను."

మధ్యాహ్నం ఇద్దరూ ఫోన్లో కూర్చున్నారు. ఎక్కడో లోపల సెట్టింగుల్లో ఆ బొత్తం పాత థీము చెప్పిన చోట ఉండిపోయింది, కొత్తదానికి చెప్పాలి. అతను చెబుతుంటే ఆవిడ నొక్కింది. మూడుసార్లు తప్పు చోట నొక్కింది. నాలుగోసారి బొత్తం వచ్చింది. ఒక దొంగ ఆర్డరు పెట్టి చూశారు, మెయిలు కూడా వచ్చింది. ఏమేం చేశారో వరసంతా ఇంకోసారి నోటితో చెప్పమన్నాడు నిరంజన్. చెప్పింది.

శుక్రవారం పూజ మళ్ళీ చేశారు. ఈసారి కొబ్బరికాయ వరండాలో కొట్టారు. రాజమండ్రి అతను వచ్చి సంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దున్నే వచ్చి కుమారి అసలు సైటుకి ఇంకో కొత్త కాపీ తీసేసింది, ఆ సంగతి షావుకారు గారు అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"ఇంక కానియ్యి," అన్నారు షావుకారు గారు.

మొదటిది నొక్కింది. తెరిచి చూసింది. రెండోది. తెరిచి చూసింది. ఆయన గడియారం చూశారు.

"ముహూర్తానికి మొదలెట్టాం కదండీ," అన్నారు రమాదేవి గారు. "మూడు ముళ్ళూ ఒక్కసారే వేస్తారా ఏంటి?"

ఆయన ఇంక గడియారం వైపు చూడలేదు. థీము మారింది. కుమారి బొత్తం సంగతి సరిచేసింది, దొంగ ఆర్డరు పెట్టింది, మెయిలు వచ్చింది. స్టూలు మీద అతను తన ఫోన్లో సైటు తెరిచి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగానే వచ్చిందండి. నేను చెయ్యడానికి ఇందులో ఏమీ లేదు."

"మరి నెలనెలా చూసుకోవడానికి..." అన్నారు షావుకారు గారు కుమారి వైపు చూస్తూ. ఆవిడ కంప్యూటర్ వైపే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు. "మా మనిషుందిలెండి. కాఫీ తాగి వెళ్ళండి."

ఆ మాట కుమారి చెవిన పడింది. కుర్చీ ఉంది. ఇది సంతోషించాల్సిన సంగతని ఆవిడకి తెలుసు. లోపల వెతుక్కుంది. ఏమీ లేదు, కాస్త అలుపు తప్ప. అలుపైనా తెలుస్తోంది, అంతే చాలనుకుంది.

దుర్గ ప్రసాదం కొబ్బరిముక్కలు పంచుతూ వచ్చి, ఒకటి ఆవిడ ఎడమచేతిలో పెట్టింది.

"ఏమే, మళ్ళీ నా పక్కకి వచ్చి పడతావనుకున్నా. తప్పించుకున్నావు. కొంచెం నవ్వొచ్చు కదా."

"నవ్వుతాలే."

"ఎప్పుడు?"

"నీ ఫోను ఇలా ఇవ్వు. చిన్న ఫోన్లో ఎలా కనపడుతోందో చూడాలి."

దుర్గ ఫోను చేతిలో పెట్టి, మూతి మూడు వంకర్లు తిప్పి లోపలికి వెళ్ళిపోయింది. కుమారి టేబుల్ క్లాతులు తెరిచి చూసింది, తర్వాత సోఫా కవర్లు. దిండు గలీబుల పేజీలో ఫొటోలు కాస్త పక్కకి జరిగి వచ్చాయి. కుర్చీ ముందుకి లాక్కుని నిరంజన్‌కి ఫోన్ కలిపింది.